ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందా?

జీటీఏ ఆన్‌లైన్ ఆడినవాళ్లకు ఆ లోడింగ్ స్క్రీన్ గుర్తుండే ఉంటుంది. గేమ్ తెరిచాక ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఆరు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చోవాలి. ఏళ్ల తరబడి ఇదే తంతు. డిస్క్ నెమ్మదిగా ఉంది కాబట్టే ఇంత ఆలస్యం అన్నది చాలామంది అనుమానం. 2021 ఫిబ్రవరి చివర్లో ఒక ప్రోగ్రామర్ ఆ ఆరు నిమిషాల్లో కంప్యూటర్ లోపల అసలేం జరుగుతోందో తవ్వి చూశారు. ఆ మెషీన్‌లో ఉన్నది హార్డ్ డిస్క్ కాదు, తక్కువ ధరలో దొరికే ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌ల మీదే ఫైళ్లు దాచుకునే డ్రైవ్. లోడింగ్ సాగుతున్న సమయంలో ఎక్కువ భాగం ఆ డిస్క్ ఖాళీగానే ఉంది. నెట్ కూడా దాదాపు ఖాళీయే. ప్రాసెసర్‌లో ఒక్క కోర్, అంటే లెక్కలు చేసే భాగాల్లో ఒకటి మాత్రం తలమునకలుగా ఉంది.

కారణం 10 ఎంబీ ఉన్న ఒక చిన్న ఫైల్. గేమ్‌లో కొనుక్కోదగ్గ వస్తువుల జాబితా అది. అందులో సుమారు 63,000 వస్తువులు. ఒక్కో ముక్క చదివే ముందు గేమ్ మిగిలిన ఫైల్ పొడవంతా మళ్లీ కొలుస్తోంది. చదివిన ప్రతి వస్తువునూ అంతకుముందు చదివినవాటన్నిటితో పోల్చి చూస్తోంది. ఆ పోలికలే దాదాపు 200 కోట్లు. ఈ రెండు చోట్లా కోడ్ సరిచేస్తే అదే కంప్యూటర్‌లో, అదే ఎస్ఎస్‌డీ మీద ఆరు నిమిషాల లోడింగ్ 1 నిమిషం 50 సెకన్లకు దిగింది. గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ పొరపాటు ఒప్పుకుని మార్చి 16న అప్‌డేట్ ఇచ్చింది. పట్టుకున్న ప్రోగ్రామర్‌కు 10,000 డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది.

డ్రైవ్ స్పీడ్ పెరిగితే గేమ్ స్పీడ్ పెరుగుతుందా అని అడిగేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. గేమ్ ఎదురుచూసేది డ్రైవ్ కోసమైతే, వేగమైన డ్రైవ్ ఆ ఎదురుచూపును తగ్గిస్తుంది. ఎదురుచూపు ఇంకెక్కడో ఉంటే ప్రపంచంలోకెల్లా ఖరీదైన డ్రైవ్ వేసినా తేడా రాదు. సెకనుకు ఇన్ని ఎంబీలు అంటూ డబ్బాల మీద ముద్రించే 7,000, 14,000 అంకెలు ఈ విషయం చెప్పవు.

ఫ్రేమ్ గీసే చోట డ్రైవ్‌కు పనేమిటి

ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు తెర మీద గీసే బొమ్మల, అంటే ఫ్రేముల, సంఖ్య. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్‌కు సరిపడా కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. ఆ కొద్ది సమయంలో ప్రాసెసర్ ఎవరు ఎక్కడున్నారు, ఏ బుల్లెట్ ఎవరికి తగిలింది అన్న లెక్కలు తేల్చాలి. గ్రాఫిక్స్ కార్డ్ ఆ దృశ్యమంతా గీయాలి. ఈ పనికి కావాల్సిన సరంజామా అప్పటికే ర్యామ్‌లోనూ, గ్రాఫిక్స్ కార్డ్ సొంత మెమరీలోనూ సిద్ధంగా ఉండాలి. మధ్యతరగతి కార్డ్ అనుకునే ఆర్‌టీఎక్స్ 3060 తన 12 జీబీ మెమరీ నుంచి సెకనుకు 360 జీబీ దాకా తోడుకుంటుంది. ఇవాళ దొరికే అత్యంత వేగమైన ఇంటి వాడకపు ఎస్ఎస్‌డీ ఇచ్చేది సెకనుకు 14 జీబీ చిల్లర. ఫ్రేమ్ గీసే పనిలో ఈ రెండింటికీ పోటీయే లేదు.

ఆలస్యం లెక్కలో చూస్తే తేడా ఇంకా ఎక్కువ. ర్యామ్‌ను అడిగిన ముక్క సుమారు 100 నానోసెకన్ల లోపే చేతికొస్తుంది. ఎస్ఎస్‌డీ అయితే 50 నుంచి 100 మైక్రోసెకన్లు, అంటే వందల రెట్లు ఎక్కువ. హార్డ్ డిస్క్ అయితే 12 మిల్లీసెకన్లకు పైనే. 144 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చున్నవాళ్లకు ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూడటంలోనే దాదాపు రెండు ఫ్రేములు పోతాయి. అందుకే గేమ్ ఇంజిన్ రాసేవాళ్లు బొమ్మ గీసే దారిలో డిస్క్‌ను అడ్డు రానివ్వరు. కావాల్సినదాన్ని ముందే ఊహించి, వెనక వేరే థ్రెడ్‌లో, అంటే ప్రాసెసర్‌లో పక్కన విడిగా సాగే పనిలో తెచ్చిపెట్టుకుంటారు.

పెళ్లి భోజనాల్లో కూడా అంతే. బంతిలో వడ్డన ఎంత చురుగ్గా సాగుతుందన్నది గరిటె పట్టినవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. సరుకుల గది నుంచి బియ్యం బస్తా సైకిల్ మీద వచ్చిందా, వ్యాన్‌లో వచ్చిందా అన్నది విస్తరి ముందు కూర్చున్నవాళ్లకు తెలియదు. తెలిసేది ఒక్క సందర్భంలోనే: బంతి సగంలో ఉండగా అన్నం నిండుకున్నప్పుడు.

ఒకే కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ మీదా, శాటా (పాత రకం) ఎస్ఎస్‌డీ మీదా, ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) ఎస్ఎస్‌డీ మీదా అదే గేమ్ పెట్టి కొలిస్తే సగటు ఎఫ్‌పీఎస్ సాధారణంగా ఒకటి రెండు ఫ్రేముల తేడాతో ఒకేలా వచ్చేది ఇందుకే. గేమ్ మొత్తం మీద 45 ఎఫ్‌పీఎస్ వస్తున్న కంప్యూటర్‌లో డ్రైవ్ మార్చి 60 తెప్పించడం జరిగే పని కాదు. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌కో, ర్యామ్‌కో పెట్టాలి. ఇంత స్పష్టమైన విషయంలో కూడా ప్రకటనల్లో గేమింగ్ ఎస్ఎస్‌డీ అనే మాట, పక్కన మెరుపులు, ఎగిరే కార్లు కనిపిస్తాయి. పదివేలు కూడబెట్టుకుని కంప్యూటర్ మెరుగుపరుచుకోవాలనుకునే కుర్రాళ్లకు దీనివల్ల నిజంగా నష్టం జరుగుతోంది. అందుకే ఈ సంగతి గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఎఫ్‌పీఎస్ సంగతి అంతే. లోడింగ్, ఆటలో వచ్చే కుదుపులు మాత్రం వేరే కథ.

తిరిగే పళ్లెం, కదిలే ముల్లు

హార్డ్ డిస్క్‌ను తక్కువ చేసి మాట్లాడటం సులభం. కానీ అది ఎక్కడ ఓడిపోతుందో సరిగ్గా తెలిస్తేనే ఎస్ఎస్‌డీ ఎక్కడ గెలుస్తుందో తెలుస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టు పూర్తి చేయడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన చోటు, దాన్ని చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం. ముల్లు ఒక వలయం నుంచి ఇంకో వలయానికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12, 13. అంటే చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను ఏరుకోవాల్సి వస్తే సెకనుకు 80 ముక్కలు తెస్తే గొప్ప. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 320 కేబీ. అదే డిస్క్ వరసగా చదువుకుంటూ పోతే 150 నుంచి 200 ఎంబీ ఇస్తుంది. ఒకే వస్తువు, రెండు వేగాలు, మధ్య తేడా అయిదారు వందల రెట్లు.

పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే 5,400 చుట్ల డిస్క్‌ల పరిస్థితి ఇంకా కష్టం. 2003లో వెస్టర్న్ డిజిటల్ 10,000 చుట్లు తిరిగే రాప్టర్ తెస్తే గేమర్లు దానికోసం ఎగబడ్డారు. ఒక చుట్టు 8.3 నుంచి 6 మిల్లీసెకన్లకు తగ్గింది, ముల్లు కూడా చురుగ్గా కదిలింది. లోహం తిరిగినంతకాలం అంతకు మించి పెద్దగా సాగదు. ఎస్ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు. 12 మిల్లీసెకన్ల ఎదురుచూపు ఒక్కసారిగా 0.1కి దిగిపోయింది. ఇంటి కంప్యూటర్ చరిత్రలో ఒక్క భాగం మారిస్తే ఇంత తేడా కనిపించిన సందర్భాలు అరుదు.

గేమ్ ఫైళ్లు వరసగా చదువుకునే పుస్తకం లాంటివి కావు. ఒక వీధి తెర మీదికి రావాలంటే గోడ, చెట్టు, కారు, మనిషి మొహం, అడుగుల చప్పుడు, అన్నీ వేర్వేరు చోట్ల నుంచి రావాలి. హార్డ్ డిస్క్ కోసం స్టూడియోలు ఒక ఉపాయం పట్టాయి: ఒకే వస్తువును అనేక చోట్ల కాపీ చేసి పెట్టడం. ప్రతి వీధికీ కావాల్సినవన్నీ ఆ వీధి ఫైల్‌లోనే పక్కపక్కన ఉంటే ముల్లు అటూ ఇటూ తిరగక్కర్లేదు. 2020 మార్చిలో సోనీ ప్లేస్టేషన్ 5 గురించి వివరించినప్పుడు దాని రూపకర్త మార్క్ సెర్నీ చెప్పిన ఉదాహరణ ఇదే. ప్లేస్టేషన్ 4 స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో న్యూయార్క్ వీధుల్లో కనిపించే పోస్టు డబ్బా లాంటి వస్తువులు డిస్క్ మీద 400 సార్లు కాపీ అయి ఉన్నాయట. గేమ్‌ల సైజు 100 జీబీ దాటడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఈ కాపీల కథ చివర్లో మళ్లీ వస్తుంది.

550 నుంచి 14,000 దాకా

హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారితే తేడా ఉందని ఒప్పుకున్నాక, తర్వాతి ప్రశ్న అసలు డబ్బుతో ముడిపడినది. ఏ ఎస్ఎస్‌డీ? శాటా రకం కేబుల్ పరిమితి వల్ల సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ రకంలో మూడో తరం 3,500, నాలుగో తరం 7,000 పైన, ఐదో తరం 14,000 దాకా వెళ్తున్నాయి. శాటా నుంచి ఐదో తరానికి 25 రెట్లు. అయితే గేమ్ లోడింగ్ 25 రెట్లు తగ్గాలి కదా?

తగ్గదు. మొదటి కారణం, ఆ అంకెలన్నీ పెద్ద ఫైల్‌ను వరసగా చదివినప్పటివి, అదీ డ్రైవ్‌ను ఒకేసారి బోలెడు ముక్కలు అడిగినప్పటివి. ఒక్కో 4 కేబీ ముక్కను అడిగి, అది వచ్చాక ఇంకోటి అడిగితే శాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 30, 40 ఎంబీ ఇస్తుంది. మంచి ఎన్‌వీఎంఈ 60 నుంచి 90 ఎంబీ ఇస్తుంది. హార్డ్ డిస్క్ ఒక ఎంబీ కూడా ఇవ్వదు. 25 రెట్ల తేడా ఇక్కడికొచ్చేసరికి రెండు, రెండున్నర రెట్లకు కుంచించుకుపోయింది. పాత పద్ధతిలో రాసిన గేమ్‌లు చాలావరకు ఇలా ఒకదాని తర్వాత ఒకటిగానే అడుగుతాయి. వాటిని రాసినప్పుడు లోకమంతా హార్డ్ డిస్కే కాబట్టి వేరేలా అడిగితే లాభం ఉండేది కాదు.

రెండో కారణం ఇంకా పెద్దది. లోడింగ్ అంటే చదవడం ఒక్కటే కాదు. చదివిన ఫైల్ కుదించి ఉంటుంది, దాన్ని ప్రాసెసర్ విప్పాలి. విప్పినదాంతో గేమ్ తన లోకాన్ని కట్టుకోవాలి: పాత్రలు, తలుపులు, మిషన్ ఎంతవరకు వచ్చింది అన్న లెక్క. టెక్స్‌చర్లు, అంటే వస్తువుల పైపొర బొమ్మలు, గ్రాఫిక్స్ కార్డ్‌కు ఎక్కించాలి. షేడర్లు, అంటే ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డ్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములు, తయారుచేసుకోవాలి. ఆన్‌లైన్ గేమ్ అయితే సర్వర్ పలకాలి.

లెక్క సులభంగా అర్థమవడానికి ఒక గేమ్‌ను ఊహించుకుందాం. లోడింగ్‌కు 3 జీబీ చదవాలి, మిగతా పనులకు ప్రాసెసర్‌కు 9 సెకన్లు కావాలి. అటూ ఇటూ తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 60 ఎంబీ ఇస్తే చదవడానికి 50 సెకన్లు, మొత్తం 59. శాటా ఎస్ఎస్‌డీ 500 ఇస్తే చదవడానికి 6, మొత్తం 15. నాలుగో తరం ఎన్‌వీఎంఈ 6,000 ఇచ్చిందనుకున్నా చదవడానికి అర సెకను, మొత్తం 9.5. ఐదో తరం 12,000 ఇస్తే పావు సెకను, మొత్తం 9.25. మొదటి మార్పు 44 సెకన్లు మిగిల్చింది. రెండోది అయిదున్నర. మూడోది పావు సెకను. నిజమైన గేమ్‌లలో చదవడం, విప్పడం కొంత ఏకకాలంలో జరుగుతాయి కాబట్టి అంకెలు మారతాయి గానీ ఈ వరస మారదు. ఒక పనిలో కొంత భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మిగిలిన భాగం పట్టే సమయం కంటే కిందికి దిగలేమని జీన్ ఆమ్డాల్ 1967లోనే వాదించారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఆయన పేరుతోనే ఆ సూత్రం చదువుకుంటారు.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి మ్యాచ్ గేమ్‌లలో ఇంకో సంగతి కూడా ఉంది. మనకు మ్యాప్ నాలుగు సెకన్లు ముందే లోడ్ అయినా మిగతావాళ్లంతా వచ్చేదాకా ఆట మొదలవదు. మ్యాప్ చిన్నది, మొత్తం ఒకేసారి మెమరీలోకి వచ్చేస్తుంది. రౌండ్ మధ్యలో డ్రైవ్‌తో పెద్దగా పనుండదు. ఇవే ఆడేవాళ్లు ఖరీదైన ఎన్‌వీఎంఈ కోసం గ్రాఫిక్స్ కార్డ్ ఒక మెట్టు తగ్గించుకోవడం పొరపాటు.

బంతి మధ్యలో అన్నం నిండుకున్నప్పుడు

ఊరంతా ఇష్టం వచ్చినట్టు తిరగగలిగే ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో మాత్రం డ్రైవ్ ఆట మధ్యలోకే వస్తుంది. ఊరంతా మెమరీలో పట్టదు. కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు 55 మీటర్ల కొత్త రోడ్డు, రెండు పక్కలా కొత్త మేడలు తెచ్చిపెట్టాలి, వెనకవి వదిలేయాలి. డ్రైవ్ అందుకోలేకపోతే రెండిట్లో ఒకటి జరుగుతుంది. గోడలు మైనపు ముద్దల్లా మసకగా కనిపించి కాసేపటికి తేటపడతాయి. లేదంటే గేమ్ ఆ క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. ఆడేవాళ్లు ల్యాగ్ అనేది ఈ రెండోదాన్నే. సగటు ఎఫ్‌పీఎస్‌లో ఇది కనిపించదు. నిమిషంలో 3,600 ఫ్రేములు సాఫీగా వచ్చి పది ఫ్రేములు తడబడితే సగటు కదలదు. మనిషి కంటికి మాత్రం ఆ పదే గుర్తుంటాయి. అందుకే రివ్యూలు చదివేటప్పుడు సగటు కంటే 1 శాతం లో అనే అంకెను, అంటే అతి నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగాన్ని, చూడటం మంచిది. డ్రైవ్ ప్రభావం ఉంటే అక్కడే తేలుతుంది.

సైబర్‌పంక్ 2077 దీనికి మంచి ఉదాహరణ. 2020 డిసెంబర్‌లో వచ్చినప్పుడు సెట్టింగ్స్‌లో స్లో హెచ్‌డీడీ మోడ్ అని ఒక స్విచ్ ఉండేది. నెమ్మది డిస్క్ ఉన్నవాళ్ల కోసం గేమ్ తన ఆకలి తగ్గించుకునే ఏర్పాటు అది. 2023లో ఆ గేమ్ తయారుచేసిన సంస్థ హార్డ్ డిస్క్‌కు సపోర్ట్ ఆపేసి, కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ అని రాసింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3, సెప్టెంబర్‌లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ కూడా ఎస్ఎస్‌డీ తప్పనిసరి అన్నాయి. ఈ గేమ్‌లను హార్డ్ డిస్క్ మీద పెడితే అసలు తెరుచుకోవని కాదు. ఆడుతున్నప్పుడు పాత్ర మాట్లాడుతుంటే శబ్దం ఒకచోట, పెదాలు ఒకచోట అయ్యేంతగా తడబడవచ్చు.

కుదుపు వచ్చినప్పుడల్లా డ్రైవ్‌ను అనడానికీ లేదు. మొదటిసారి కొత్త ఆయుధం పేలినప్పుడో, కొత్త చోటికి వెళ్లినప్పుడో ఒక్క క్షణం ఆగి, రెండోసారి అక్కడే సాఫీగా ఉంటే అది ఎక్కువగా షేడర్ కంపైల్ సమస్య. ప్రాసెసర్ అప్పటికప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ భాషలోకి కోడ్ తర్జుమా చేసుకుంటోంది. అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్‌లలో ఇది ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, దీనికి డ్రైవ్ మందు కాదు. ఆడుతున్నకొద్దీ కుదుపులు పెరుగుతూ పోతే మెమరీ చాలడం లేదని అనుమానించాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఉంచి పెద్ద గేమ్ పెడితే విండోస్ ర్యామ్‌లో పట్టనిదాన్ని డ్రైవ్ మీదికి తోస్తుంది, మళ్లీ లాక్కుంటుంది. అప్పుడు ఎస్ఎస్‌డీ ఉంటే బాధ తక్కువ, హార్డ్ డిస్క్ ఉంటే నరకం. రెండిట్లోనూ అసలు వైద్యం ఇంకో 8 జీబీ ర్యామ్.

తేల్చుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి గేమ్ ఆడాలి, కుదుపు రాగానే ఆల్ట్, ట్యాబ్ నొక్కి చూడాలి. డిస్క్ యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర గోడ కట్టినట్టు ఉంటే డ్రైవే కారణం. మెమరీ నిండిపోయి ఉంటే ర్యామ్. డిస్క్ 5 శాతం దగ్గర ఉండి గ్రాఫిక్స్ కార్డ్ 99 దగ్గర ఉంటే కొత్త ఎస్ఎస్‌డీ కొనడానికి పెట్టుకున్న డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు.

లిఫ్టులో నిలబెట్టిన గేమ్‌లు

2007లో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చిన మాస్ ఎఫెక్ట్ ఆడినవాళ్లు అందులోని లిఫ్టులను మర్చిపోరు. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు వెళ్లడానికి అంతసేపు ఎందుకంటే, ఆ లిఫ్టు నిజానికి లోడింగ్ స్క్రీన్. తలుపులు మూసి, పాత్రలతో మాట్లాడించి, వెనక కొత్త చోటును డిస్క్ నుంచి తోడుకుంటున్నారు. ఒక మనిషి మాత్రమే పట్టే ఇరుకు సందుల్లోంచి హీరో పక్కకు తిరిగి మెల్లగా జరిగే దృశ్యాలు, మెలికలు తిరిగే సొరంగాలు కూడా చాలా గేమ్‌లలో ఈ పనికే పెట్టారు. డ్రైవ్ వేగం ఎఫ్‌పీఎస్‌ను మార్చకపోవచ్చు. గేమ్ ఎలాంటి లోకాన్ని కట్టగలదన్నది మాత్రం అదే నిర్ణయిస్తూ వచ్చింది. డ్రైవ్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఇది.

2020 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ఈ సంకెళ్లు తెంచడానికే తయారైంది. దాని ఎస్ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. అంతకంటే ముఖ్యమైనది, కుదించిన ఫైళ్లను విప్పడానికి ప్రత్యేకంగా ఒక హార్డ్‌వేర్ భాగం పెట్టారు. ప్రాసెసర్ మీద భారం పడదు. విప్పాక లెక్కేస్తే సెకనుకు 8, 9 జీబీ దాకా వస్తుందని సోనీ చెప్పింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వేగం 2.4 జీబీయే అయినా విప్పే పనికి అందులోనూ విడిగా ఏర్పాటుంది. పైన వేసిన లెక్కలో కదలకుండా కూర్చున్న ఆ 9 సెకన్ల మీద వీళ్లు చెయ్యి వేశారన్నమాట.

కంప్యూటర్‌లో ఈ పని చేయడానికి మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌స్టోరేజ్ తెచ్చింది. 2022 మార్చిలో మొదటి వెర్షన్, నవంబర్‌లో 1.1. గేమ్ వేలకొద్దీ చిన్న ముక్కలను ఒక్కసారే గుంపుగా అడగడానికి ఇది వీలు కల్పిస్తుంది. పాత శాటా పద్ధతిలో ఒకే వరుస, అందులో 32 అభ్యర్థనలు. ఎన్‌వీఎంఈ ప్రమాణంలో దాదాపు 64 వేల వరుసలకు చోటుంది. ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉన్న ఆ వెడల్పాటి రోడ్డును వాడుకోవడమే ఉద్దేశం. 1.1 వెర్షన్ నుంచి విప్పే పనిని గ్రాఫిక్స్ కార్డ్‌కు అప్పగించవచ్చు. 2023 జనవరిలో ఫర్‌స్పోకెన్ డైరెక్ట్‌స్టోరేజ్ వాడిన మొదటి కంప్యూటర్ గేమ్ అయింది. మంచి ఎన్‌వీఎంఈ మీద దాని లోడింగ్ ఒకటి రెండు సెకన్లకు వచ్చింది. అదే ఏడాది జులైలో రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్ కంప్యూటర్‌కు వచ్చింది. అందులో హీరో ఒక లోకం నుంచి ఇంకో లోకంలోకి క్షణాల్లో దూకుతాడు. హార్డ్ డిస్క్ మీద ఆడితే ఆ దూకుడు మధ్యలో ఆట ఆగి ఎదురుచూస్తుంది. ఎస్ఎస్‌డీ మీద సాగిపోతుంది. డ్రైవ్ తేడా ఆటలోనే కంటికి కనిపించే గేమ్ ఏదని అడిగితే చూపించాల్సింది ఇదే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫైళ్లు విప్పే పని గ్రాఫిక్స్ కార్డ్ చేస్తున్నంతసేపూ బొమ్మ గీసే శక్తిలో కొంత అటు పోతుంది. అప్పటికే 99 శాతం బిజీగా ఉన్న చిన్న కార్డ్‌కు ఇది లాభమో నష్టమో గేమ్‌ను బట్టి ఉంటుంది. కన్సోల్‌లో ఉన్నట్టు విడి భాగం కంప్యూటర్‌లో లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పైగా డైరెక్ట్‌స్టోరేజ్ వాడే గేమ్‌లు ఇప్పటికీ తక్కువే.

కొనేటప్పుడు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్డ్ పీసీ చేయించుకునేవాళ్లకైనా, ఆన్‌లైన్‌లో విడిభాగాలు తెప్పించుకునేవాళ్లకైనా ఇక్కడ ముందుగా తేల్చుకోవాల్సింది స్పీడ్ కాదు, సైజు. స్టార్‌ఫీల్డ్ 125 జీబీ అడుగుతుంది, బాల్డర్స్ గేట్ 3 కనీసం 150. విండోస్, నాలుగు సాఫ్ట్‌వేర్లు పోగా 500 జీబీ డ్రైవ్‌లో ఇలాంటివి రెండు మూడు పట్టడమే గగనం. అదే డబ్బుకు వేగమైన 500 జీబీ, మామూలు 1 టీబీ దొరుకుతుంటే 1 టీబీయే తీసుకోవాలి. పాత హార్డ్ డిస్క్‌ను పారేయక్కర్లేదు. ఆడని గేమ్‌లను దాని మీదికి జరిపి ఉంచుకోవచ్చు. ఈ సదుపాయం గేమ్‌లు కొనుక్కునే స్టీమ్ యాప్ సెట్టింగ్స్‌లోనే ఉంది. 100 జీబీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే బదులు డిస్క్ నుంచి డిస్క్‌కు జరుపుకోవడం ఊళ్లలో నెట్ స్పీడ్‌తో పోలిస్తే ఎంతో నయం.

చౌక ఎస్ఎస్‌డీలు కొన్నిటిలో క్యూఎల్‌సీ రకం మెమరీ (తక్కువ చోటులో ఎక్కువ డేటా కుక్కే రకం) ఉంటుంది. పెద్ద ఫైల్ రాస్తుంటే మొదట జోరుగా వెళ్లి, లోపలి క్యాష్, అంటే తాత్కాలిక నిల్వ, నిండగానే హార్డ్ డిస్క్ కంటే నెమ్మదించవచ్చు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇది ఇబ్బందే. గేమ్ మాత్రం చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఇన్‌స్టాల్ చేసే రోజు కాస్త ఓపిక పడితే ఆడేటప్పుడు తేడా తెలియదు.

పాత ల్యాప్‌టాప్ అయితే కొనేముందు స్లాట్ చూసుకోవాలి. ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని గుచ్చే సన్నని చోటు) ఉన్నంత మాత్రాన అది ఎన్‌వీఎంఈ తీసుకుంటుందని నమ్మకం లేదు. కొన్ని శాటా రకమే తీసుకుంటాయి. మూడో తరం స్లాట్‌లో ఐదో తరం డ్రైవ్ పెడితే పనిచేస్తుంది, మూడో తరం వేగంతోనే.

వేడి గురించి కూడా చాలామంది టెన్షన్ పడతారు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు క్యాబినెట్ లోపల, గ్రాఫిక్స్ కార్డ్ కిందే ఇరుక్కున్న ఎన్‌వీఎంఈ బాగా వేడెక్కుతుంది. పరిమితి దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అయితే గేమ్ డ్రైవ్‌ను అడిగేది విడతలు విడతలుగా. గంటసేపు ఏకబిగిన కాదు. కాబట్టి ఆట మధ్యలో ఈ సమస్య రావడం తక్కువ, పెద్ద గేమ్ కాపీ చేసేటప్పుడు రావడం ఎక్కువ. మూడు, నాలుగో తరాలకు మదర్‌బోర్డ్‌తో వచ్చే పలుచని హీట్‌సింక్, అంటే వేడి లాగే రేకు, చాలు. ఐదో తరానికి అది చాలదు. ఈ ఎండల్లో గేమింగ్ కోసమే ఐదో తరం కొనడంలో ప్రయోజనం కనిపించదు.

131 జీబీ ఎవరికోసం

కంప్యూటర్ గేమ్ చేసేవాళ్లకు కన్సోల్ వాళ్లకు లేని చిక్కు ఒకటుంది. కొనేవాళ్ల ఇంట్లో ఏ డ్రైవ్ ఉందో తెలియదు. కాబట్టి అందరికంటే నెమ్మదిగా ఉన్న మెషీన్‌ను దృష్టిలో పెట్టుకుని గేమ్ కట్టాలి. ఐదో తరం డ్రైవ్ కొన్నవాళ్ల వేగం ఖాళీగా ఉండిపోవడానికి ఇదీ కారణమే.

హెల్‌డైవర్స్ 2 కథలో ఇది అంకెలతో సహా బయటపడింది. ఆ గేమ్ కంప్యూటర్‌లో 154 జీబీ ఆక్రమించేది, కన్సోల్‌లో మాత్రం అందులో చిన్న భాగమే. తేడా అంతా స్పైడర్‌మ్యాన్ పోస్టు డబ్బాల్లాంటి కాపీలదే. హార్డ్ డిస్క్ మీద ఆడేవాళ్లకు లోడింగ్ నరకం కాకూడదని ఒకే వస్తువును మళ్లీ మళ్లీ పెట్టారు. అలాంటి ఆటగాళ్లు సుమారు 11 శాతం ఉన్నారని దాన్ని చేసిన ఆరోహెడ్ స్టూడియో లెక్క. ఆ 11 శాతం కోసం మిగతా అందరూ తమ ఎస్ఎస్‌డీలలో ఆ బరువు మోశారు. కాపీలు తీసేస్తే హార్డ్ డిస్క్ మీద లోడింగ్ పది రెట్లు దాకా పెరగవచ్చని స్టూడియో భయపడింది. ఆ భయానికి ఆధారం పరిశ్రమలో చెప్పుకునే సాధారణ అంచనాలే గానీ, సొంత గేమ్ మీద కొలిచి చూసిన లెక్క కాదు.

2025 చివర్లో నిక్సెస్ అనే సంస్థ సాయంతో కాపీలన్నీ తీసేసి నిజంగా కొలిచి చూశారు. రాచెట్ అండ్ క్లాంక్‌ను కంప్యూటర్‌కు తేవడంలో పనిచేసింది కూడా ఆ సంస్థే. గేమ్ 154 జీబీ నుంచి 23 జీబీకి దిగింది, అంటే 131 జీబీ మిగిలింది. హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకు లోడింగ్ పెరిగింది మహా అయితే కొన్ని సెకన్లు. ఎందుకంటే ఆ గేమ్ ప్రతి మిషన్‌కూ యుద్ధభూమిని అప్పటికప్పుడు కొత్తగా అల్లుకుంటుంది. డిస్క్ నుంచి ఫైళ్లు వస్తున్న సమయంలోనే ఆ అల్లిక పక్కన సాగుతూ ఉంటుంది. లోడింగ్ ఎంతసేపన్నది తేల్చేది ప్రధానంగా ఆ అల్లికే.